నీళ్లు ముట్టని బృందం

వేసవిలో ఆరుబయట భజన ఉన్న రోజున మా బృందంలో ఎవరమూ పొద్దున ఆరు దాటాక నీళ్లు తాగేవాళ్లం కాదు. అది ఎవరో పెట్టిన నియమం కాదు. మొదటి ఏడాది ఎవరికి వారు చెప్పుకోకుండా చేసిన పని. రెండో ఏడాదికి ఒకరి సంగతి ఒకరికి తెలిసిపోయి అందరి అలవాటు అయింది.

మేం ఆరుగురం ఆడవాళ్లం. ఒకరు హార్మోనియం, ఒకరు డోలక్. ముగ్గురు తాళాలు పట్టుకుని వంత పాడతారు. ముందు పాట నాది. శ్రీరామనవమి మొదలుకొని వైశాఖం ముగిసేదాకా నెల్లూరు చుట్టుపక్కల ఏదో ఒక ఊళ్లో మా భజన ఉంటుంది. ఎండ చిటచిటలాడే వేళ మొదలై పొద్దు వాలేదాకా సాగుతుంది. పిలిచినవాళ్లు మర్యాదలో లోటు చేయరు. షామియానా వేస్తారు, మైకు పెడతారు, నీళ్ల క్యాన్లు, మజ్జిగ, పానకం తెప్పిస్తారు. ఆడది ఒంటికి వెళ్లాలంటే చోటు మాత్రం ఉండదు.

మగవాళ్లకు కాలవ గట్టు ఉంది, కంప చెట్ల చాటు ఉంది. మేం ఎవరో ఒకరి ఇంటి తలుపు తట్టి అడగాలి. మా వాళ్లలో ఒకరిద్దరు మరీ ఓర్చుకోలేకపోతే అడిగేవాళ్లు. నేను అడిగేదాన్ని కాదు.

మాది వాకాడు వైపు పాత కుటుంబం. మాగాణి, సరుగుడు తోటలు, సావిడి నిండా జనం ఉన్న ఇల్లు. మా నాయన కాలానికే సగం పోయింది. మిగిలిన సగం నా సంతకంతో పోయింది. ఆ రోజు కొన్నవాళ్లు కాఫీ ఇస్తే వద్దని బస్సెక్కి వచ్చేశాను. ఇప్పుడు వెంకటాచలంలో హైవే పక్క రెండు గదుల ఇంట్లో ఉంటూ ఆడపిల్లలకు పాట నేర్పుతాను. ఇల్లూ పొలమూ పోయాయి గాని అలవాట్లు ఎవరూ కొనుక్కోలేదు. మా ఇంటి ఆడవాళ్లు ఎక్కడికైనా బయలుదేరేటప్పుడు ఒక గుక్క తాగి, చెంబు గిన్నెలు కడిగే జలదారి దగ్గర బోర్లించి వెళ్లేవాళ్లు. బోర్లించారంటే మళ్లీ ఇల్లు చేరేదాకా నీళ్లు ముట్టరని అర్థం. మా నాయనమ్మ అలా తిరుపతి దాకా వెళ్లి వచ్చేది.

"పరాయోళ్ల పెరట్లోకి పొయ్యే ఖర్మ మనకెందుకు పట్టాల?" అనేది.

ఆవిడ గూడు బండిలో తెరల మధ్య వెళ్లేది. నేను ఆటోలో తాళాల సంచీ ఒళ్లో పెట్టుకుని వెళ్లేదాన్ని. ఆ తేడా నేను లెక్కలోకి తీసుకోలేదు.

కిడ్నీలో రాళ్లు మొదట వచ్చినప్పుడు ఎండ దెబ్బ అనుకున్నాను. రెండోసారి నెల్లూరులో పెద్ద డాక్టరుకు చూపించుకున్నాను. మూడోసారి ఆయన స్కాను కాగితం బల్ల మీద పరిచి, ఎడమ కిడ్నీ ఇప్పటికే సన్నబడిందని చెప్పాడు.

"అమ్మా, మీరు చదువుకున్నవారు. మీకు రెండు దార్లున్నాయి. ఎండలో పాడటం మానేయండి. లేకపోతే పాడేటప్పుడు గంటకు రెండు గ్లాసుల నీళ్లు తాగండి. ఇంకొక వేసవి ఇట్టాగే గడిపితే నేను చెప్పాల్సిన పని ఉండదు, పాట అదే ఆగిపోతుంది."

నేను సరేనని వచ్చేశాను. నీళ్లు ఎందుకు తాగనో ఆయనకు చెప్పలేదు. మగ డాక్టరు. అయినా ఆడ డాక్టరైతే చెప్పేదాన్నని ఇప్పుడు అంటే అది అబద్ధమే. పాట మానేయడం మాత్రం నా వల్ల కాని పని. చాప మీద ముందు వరసలో కూర్చోబెట్టి, "అమ్మగారు మొదలుపెడతారు" అని జనం ఎదురుచూసే చోటు నాకు లోకంలో అదొక్కటే మిగిలింది.

ఆ ఏడాది నీళ్లు తాగుదామనే అనుకున్నాను. కాని అదే ఏడాది మా మీద ఉపవాసం పేరు ఎలా వచ్చి పడిందో చెప్పాలి.

తోటపల్లి గూడూరు దగ్గర ఒక ఊళ్లో నవమి పందిరి. రెండో పాట అయింది. కమిటీ ఆయన ఒకరు భుజాన తువ్వాలుతో, పెద్ద స్టీలు బకెట్ నిండా పానకంతో వచ్చారు. మిరియాలూ ఏలకులూ దంచి వేసిన వాసన గుప్పుమంది. మా డోలక్ అక్క (నాకంటే పదేళ్లు చిన్నది, అయినా అందరం అక్కా అనే పిలుస్తాం) గ్లాసు వైపు చూసి, షామియానా చుట్టూ చూసి, తల అడ్డంగా ఊపింది. అటు చేపల చెరువుల కట్టలు, ఇటు కోసేసిన మళ్లు. కనుచూపు మేరలో ఒక్క గోడ లేదు.

"తాగండమ్మా, మీ కోసరమే చేయించినాం" అన్నారాయన.

"పాట అయ్యేదాకా మేం ఏమీ ముట్టం" అన్నాను నేను.

అన్న మాట అదొక్కటే. ఆయన బకెట్ కింద పెట్టి రెండు చేతులూ జోడించారు. అయిదు నిమిషాల్లో మైకులో వినిపించింది. "మన ఊరికొచ్చిన ఈ తల్లులు పొద్దుట్నించీ పచ్చి గంగ ముట్టకుండా ఉపవాస దీక్షతో పాడతా ఉండారు. అందరూ గట్టిగా చప్పట్లు కొట్టండి!" జనం చప్పట్లు కొట్టారు. ముసలమ్మ ఒకావిడ లేచి వచ్చి నా కాళ్లకు మొక్కింది. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. మరి ఏమిటని అడిగితే ఏం చెప్పాలి? వెన్ను నిటారుగా పెట్టుకుని తర్వాతి పాట ఎత్తుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అందరం పడీ పడీ నవ్వుకున్నాం. నెల తిరిగేసరికి నవ్వు తగ్గింది. మమ్మల్ని పిలిచిన తర్వాతి ఊరిలో ఫ్లెక్సీ మీద మా ఫోటో కింద ఎర్రటి అక్షరాలతో 'ఉపవాస దీక్షా భజన బృందం' అని వేయించారు. అంతకుముందు కనీసం పైట చాటున ఒక గుక్క తాగి నాలుక తడుపుకునే వీలుండేది. ఇప్పుడు అదీ పోయింది. నీళ్ల క్యాను మా దగ్గర నుంచి తీసి దూరంగా పెట్టేవాళ్లు, మా దీక్షకు భంగం రాకూడదని. నోట్లో కలకండ ముక్క వేసుకుందామన్నా ఎదురుగా వందమంది చూస్తుంటారు.

"అక్కా, పుణ్యం బో వస్తా ఉండాది గానీ పానం పోతా ఉండాది" అంది డోలక్ అక్క. "నువ్వన్నా చెప్పు వాళ్లకి."

"ఏమని చెప్పమంటావు?"

"ఉండేది ఉండట్టు."

"నువ్వు చెప్పు."

"నేను చెప్తే ఎవురింటారు? నువ్వు పెద్దింటి దానివి."

పెద్దింటి దాన్ని కాబట్టే చెప్పలేనని దానికి నేను చెప్పలేదు.

ఆ వైశాఖంలోనే వాకాడు అవతల సముద్రపు ఒడ్డు పాలెం నుంచి పిలుపు వచ్చింది. వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఇసక మీదికి లాగి ఉన్నాయి. మగవాళ్లు ఊళ్లోనే ఉంటారు కాబట్టి గంగమ్మ కొలుపు ఆ రోజుల్లోనే చేసుకుంటారు. రెండు పడవల మధ్య షామియానా కట్టారు. మా చాపలు పరిచిన చోట ఇసక పొయ్యి మీద మంగలంలా ఉంది. గాలి సముద్రం మీద నుంచే వస్తోంది గాని తడి కంటే ఉప్పే ఎక్కువ. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టాం.

మొదటి రెండు పాటలూ బాగానే వచ్చాయి. మూడో పాటలో గొంతు అంచు చిరిగింది. నాలుగో పాట చరణంలో కుడి పిక్క పట్టేసింది. కళ్ల ముందు నల్లటి చుక్కలు తిరిగాయి. తర్వాతి మాట రాలేదు. ముప్ఫై ఏళ్లుగా పాడుతున్న పాట, నోటికి అందలేదు. వంత పాడేవాళ్లు నా ముఖం వైపు చూశారు. డోలక్ అక్క అర్థం చేసుకుంది. తల వంచి, ఎక్కడా లేని ముక్తాయింపు ఒకటి అందుకుని, వాయించీ వాయించీ నాకు వ్యవధి ఇచ్చింది. నేను వెన్ను వంచలేదు. వంచితే పడిపోతానని నాకు తెలుసు.

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలామె లేచింది. నల్లటి మనిషి, తలకు చుట్టకుదురు పెట్టీ పెట్టీ నడినెత్తిన వెంట్రుకలు పలచబడిన మనిషి. అందరూ చూస్తుండగా చాప మీదికి వచ్చి నా మోచేయి పట్టుకుంది.

"లెయ్ తల్లీ."

"పాట..."

"పాట యాడికీ పోదు. ఆ పిల్ల వాయిస్తా ఉంటుందిలే. లెయ్."

కమిటీ పెద్ద పరుగున వచ్చాడు. "అవ్వా, దీక్షలో ఉండారు, తాకబాక!"

"నువ్వు గమ్మునుండ్రా నాయనా. దీక్షో గీక్షో నేను జూసుకుంటా."

నన్ను షామియానా వెనక పడవ నీడలోకి తీసుకెళ్లి నిలబెట్టింది. నాలుక చాపమంది. చాపాను. కింది రెప్ప లాగి చూసింది. తర్వాత చెవి దగ్గరికి వచ్చి, నా అయిదో ఏట తర్వాత ఎవరూ అడగని మాట అడిగింది.

"ఒంటికి ఎప్పుడు పోయినావు?"

నేను ముఖం షామియానా వైపు తిప్పుకున్నాను.

"నిన్నే అడిగేది."

"పొద్దున. ఆరింటికి."

"ఇప్పుడు నాలుగు దాటింది. నీళ్లు?"

"అప్పుడే."

ఆమె నవ్వింది. పళ్లు సగం లేవు. "ఉపవాసమంట! నలభై ఏండ్లు చేపల బుట్ట నెత్తిన బెట్టుకోని మార్కెట్టుకు పోయినా నేను. మా వోళ్లెవురూ మార్కెట్టు దినం నీళ్లు ముట్టరు. ఆడ గూసునే చోటు ఉండదు. ఈ ఉపవాసం నాకు తెలవదా? పదా మా ఇంటికి."

నా కాళ్లు కదల్లేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గాని, ఆ క్షణాన కూడా నాకు తోచింది ఒకటే. మా కుటుంబాన్ని ఎరిగిన ఈ పాలెంలోనే, ఒకరి ఇంటికి ఆ పని మీద వెళ్లాలా? పిక్క ఇంకోసారి పట్టేసింది. ఆమె భుజం మీద చెయ్యి వేశాను. నడిచాను.

సునామీ తర్వాత కట్టిన కాలనీలో రెండో వరస ఇల్లు ఆమెది. వెనక రేకు తలుపుతో బాత్రూం, పక్కన మూత పెట్టిన నీలం డ్రమ్ము. లోపల తుడిచిన సిమెంటు నేల, మగ్గు, ఒక మేకుకు సబ్బు పెట్టె. మా ఇంటి దాని కంటే శుభ్రంగా ఉంది. నేను బయటికి వచ్చేసరికి ఆమె గడపలో కూర్చుని గంజిలో మజ్జిగ కలిపి, ఉప్పు వేసి చేత్తో తిప్పుతోంది. గాజు గ్లాసులో పోసి ఇచ్చింది.

"గటగటా తాగబాక, కక్కేస్తావు. ఇంత, ఇంత."

తాగుతుంటే నా ముఖం వైపే చూస్తూ అంది. "నువ్వు ఆ పెద్దింటోళ్ల ఆడబిడ్డవి గదూ? ముక్కు జూసి కనిపెట్టినా. మీ తాత ముక్కు అది."

అవునన్నాను.

"మీ తాత రోడ్డు మీద చలివేంద్రం పెట్టేవోడు ఎండాకాలం. మా యమ్మ బుట్ట దించి ఆడ తాగేది. నేను పక్కన నిలబడేదాన్ని."

నాకు సంతోషం కలిగింది. మా తాతను తలుచుకునేవాళ్లు ఒకరైనా ఉన్నారని. "ఇసకలో పాతిన కొత్త కుండలు, వట్టివేళ్లు వేసేవాళ్లు" అన్నాను, మా ఇంట్లో చెప్పుకున్న మాటే.

"వట్టివేళ్లో ఏమో. మాకు చెంబు ఇచ్చేవోళ్లు గాదు. దోసిలి పట్టమని పైనుంచి పోసేవోళ్లు. సగం నీళ్లు మోచేతుల మీదగా ఇసకలోకే పొయ్యేవి. చల్లంగా ఉండేయి మాత్రం, అబద్ధమెందుకు." నా చేతిలో గ్లాసు వైపు గడ్డం ఎగరేసింది. "నీకు గ్లాసులో పోసినా, జూసుకో."

మా ఇంట్లో ఎవరూ నాకు ఆ సగం చెప్పలేదు. ఆమె మాటలో పగ లేదు. ఎత్తిపొడుపు ఉంది, అది నేను మోయవలసిందే. ఇంకొంచెం పోయమని గ్లాసు చాపాను. బయలుదేరాక పరాయి ఇంట్లో ఒకసారి తాగి, మళ్లీ కావాలని అడగడం నాకు అదే మొదటిసారి. ఆమె అంచుదాకా పోసింది.

అరగంట తర్వాత షామియానాకు తిరిగి వచ్చాం. డోలక్ అక్క చేతులు కమిలి ఎర్రబడ్డాయి. ఇంకా వాయిస్తూనే ఉంది, ఎదురుగా పిల్లలు గంతులేస్తున్నారు. నన్ను చూడగానే కమిటీ పెద్ద మైకు అందుకున్నాడు. "అమ్మగారు దీక్ష వల్ల సొమ్మసిల్లినా గంగమ్మ తల్లి దయతో మళ్లీ..."

ఈసారి చప్పట్లు రాకముందే మైకు ఇమ్మని చెయ్యి చాపాను. డాక్టరు చెప్పిన రెండు దార్లు నా ముందున్నాయి. మూడో దారి ఒకటి ఉందని అప్పటిదాకా నేను నటిస్తూ వచ్చాను.

"మాకు ఏ దీక్షా లేదు" అన్నాను. నా మాట మైకులో మరీ పెద్దగా వినిపించింది. "మీ ఊరనే కాదు, ఏ ఊరెళ్లినా ఆడవాళ్లు ఒంటికి వెళ్లే చోటు ఎక్కడుందని అడగడానికి సిగ్గుపడి నీళ్లు మానేశాం. మీరు ఉపవాసం అనుకున్నారు. కాదని నేను చెప్పలేదు. అది నా తప్పు. నాకు కిడ్నీలో రాళ్లున్నాయి. నీళ్లు తాగకపోతే ఇదే నా ఆఖరి వేసవి అని డాక్టరు చెప్పాడు. ఇప్పుడే ఈ అవ్వ ఇంట్లో రెండు గ్లాసుల గంజి మజ్జిగ తాగి వచ్చాను."

మగవాళ్లు ఇసకలోకి చూశారు. తర్వాత ఆడవాళ్ల వైపు నుంచి ఒక నవ్వు, దాని వెనక ఇంకొకటి, ఆ తర్వాత అందరూ. గేలి చేసే నవ్వు కాదది.

"మేమూ అంతే గదమ్మా!" అని ఎవరో అరిచారు. "పక్కూరి నించి వచ్చినాం. మజ్జానం నించి చుక్క తాగలా!"

"ఆ క్యాను ఇట్టా పంపండబ్బయా ముందు!" అంది ఇంకొకామె.

అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "మా ఇల్లు రెండో వరసలో, నీలం డ్రమ్ము గుర్తు. వచ్చినోళ్లు వరసలో నిలబడండి. తోసుకోబాకండి. మగ్గు ఒకటే ఉండాది."

మావాళ్లు అయిదుగురూ ముందు వెళ్లారు. డోలక్ అక్క నా పక్క నుంచి పోతూ, "ఇదేదో నవమి నాడే చెప్పుంటే!" అని నా భుజం మీద ఒకటి వేసింది. ఆ దెబ్బ నాకు తగినదే. ఆ సాయంత్రం నీళ్ల క్యాను మా చాపల పక్కనే ఉంది. పాటకూ పాటకూ మధ్య జనం చూస్తుండగానే గ్లాసు ఎత్తి తాగాను. చివరి పాటలో గొంతు మళ్లీ చిరగలేదు.

ఆ వేసవి చివర స్కానులో కొత్త రాయి లేదు. పాతది ఒకటి ఉంది గాని కదలలేదు. డాక్టరు, "ఈసారైనా నా మాట విన్నారు" అన్నాడు. ఎవరి మాట విన్నానో ఆయనకు వివరంగా చెప్పాను, నీలం డ్రమ్ముతో సహా. ఆయన పెన్ను మూత పెట్టి, "మీరు ఎందుకు తాగట్లేదని నేను అడిగి ఉండాల్సిందమ్మా" అన్నాడు.

అప్పటి నుంచి ఏ ఊరివాళ్లు ఫోను చేసినా తేదీ అడగకముందే ఆడవాళ్లకు చోటు ఎక్కడుందని అడుగుతాను. మొదట్లో అవతల దగ్గేవాళ్లు. ఒకాయన ఫోను వాళ్లావిడకు ఇచ్చేశాడు. ఇద్దరు మళ్లీ పిలవలేదు, పిలవకపోతే పోనీయండి. మిగతావాళ్లు ఏదో ఒక ఏర్పాటు చేస్తూనే ఉన్నారు. ఒకచోట బడి తాళం తీసి ఇచ్చారు, ఇంకొకచోట పంచాయతీ ఆఫీసుది.

ఈ ఏడాది వైశాఖంలో ఆ పాలెం నుంచి మళ్లీ పిలుపు వచ్చింది. మేం ఆటో దిగేసరికి కమిటీ పెద్ద ఎదురొచ్చాడు. మజ్జిగ గ్లాసులు పట్టుకున్న ఇద్దరు ఆడపిల్లలు ఆయన వెనక ఉన్నారు. తాగాం. తర్వాత ఆయన గొంతు సవరించుకుని, "అమ్మా, ఒకసారి ఇట్టా వచ్చి జూడాల" అని పడవల వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ సిమెంటు రింగుల మీద కొత్తగా రెండు గదులు కట్టారు. రేకు తలుపులకు లోపలి గడియలున్నాయి, బయట నీళ్ల తొట్టి ఉంది. మొదటి తలుపుకు మామిడాకులు, బంతిపూల దండ కట్టి ఉన్నాయి. డప్పులవాళ్లు పక్కనే సిద్ధంగా నిలబడ్డారు.

"ఇదేందన్నా?" అంది డోలక్ అక్క.

"ఊరికి కొత్తగా వచ్చింది ఏదైనా దండేసే మొదలుబెడతాం గదమ్మా" అన్నాడాయన, చెమట తుడుచుకుంటూ. "అమ్మగారి చేత్తో తెరిస్తే బాగుంటదని అవ్వ జెప్పింది."

అవ్వ తొట్టి అంచున కూర్చుని ఉంది. నవ్వు ఆపుకుంటోంది. "డప్పులు వొద్దని నేను జెప్పినా. ఇన్నారు గాదు."

నేను ఆయనకు నమస్కారం పెట్టాను. డప్పులు పక్కకు పంపించి, దండ చెదరకుండా తలుపు తీసి లోపలికి వెళ్లాను. నా వెనక మిగతా అయిదుగురూ, వాళ్ల వెనక ఊరి ఆడవాళ్లూ వరస కట్టారు. బయటికి వచ్చి చేతులు కడుక్కున్నాను. అవ్వ చెంబుతో నీళ్లు పోసింది. మూడింటికి పాట ఎత్తుకున్నాను. పొద్దు వాలేదాకా తొమ్మిది పాటలు పాడాను.